సిస్టమ్ మార్చాలా, ఉంచాలా?

2025లో విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను అక్టోబరు 7న తిరిగింది, మంగళవారం. ఆ వెంటనే వచ్చిన మంగళవారం, అక్టోబరు 14న, మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మరమ్మతులు, అంటే అప్‌డేట్లు, ఆపేసింది. పండగకి ఫ్లెక్సీలు డిజైన్ చేసిన కంప్యూటర్లు, కరపత్రాలు కూర్చిన కంప్యూటర్లు ఆ మర్నాడు కూడా ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి. తెర మీద అదే బొమ్మ, అవే గుర్తులు. ఏదీ ఆగలేదు కాబట్టి, ఏదో జరిగిందన్న సంగతే చాలామందికి తెలియలేదు.

విజయనగరం జిల్లాలోని మా గరివిడి పెద్ద పట్నమేం కాదు. ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, చుట్టుపక్కల మాంగనీసు గనులు, రైలు స్టేషను, ఇప్పుడు పశువైద్య కళాశాల. అయినా బజారులో నడుస్తూ చూడండి, కంప్యూటరు లేని కొట్లు ఎన్ని ఉంటాయో. నెట్ సెంటరు, జెరాక్స్ షాపు, మీసేవ కేంద్రం, శుభలేఖల షాపు, ట్యాలీలో లెక్కలు రాసే హోల్‌సేల్ కొట్టు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు బైండింగ్ చేసే చోటు. చీపురుపల్లి వెళ్లినా, నెల్లిమర్ల వెళ్లినా, రాజాం వెళ్లినా ఇదే తీరు. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న సిస్టమే ఇంకా చాలాచోట్ల కొట్టుని నడిపిస్తోంది. ఓఎస్, అంటే కంప్యూటరుని నడిపించే విండోస్ లాంటిది, మార్చరా అని అడిగితే మన వైపు వచ్చే జవాబు ఒకటే: "బాగానే పని సేస్తంది గదా, మార్సడం ఏటికి?"

ఈ మాటని చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న వస్తువుని, ఎక్కడో ఒక కంపెనీ గడువు రాసిందని పక్కన పడేయమనడం న్యాయం కాదు. అలాగని పని చేస్తోంది కదా అని ఊరుకోవడమూ కుదరదు. చూడాల్సింది సిస్టమ్ వయసు కాదు. దాంతో ఏం చేస్తున్నాం, దానికి నెట్ తగిలించి ఉందా, అందులో ఎవరి డబ్బు, ఎవరి కాగితాలు ఉన్నాయి, ఇవి చూడాలి. ఒకే షాపులో రెండు సిస్టమ్‌లు ఉంటే, ఒకదాన్ని ఈ వారమే మార్చాల్సి రావచ్చు. రెండోదాన్ని ఇంకో అయిదేళ్లు అలాగే కాపాడుకోవాల్సి రావచ్చు.

మన కళ్ల ముందే జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాను. 2017 మే 12, శుక్రవారం. వాన్నాక్రై అనే వైరస్ ఆ రోజు ప్రపంచం మీద పడింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మర్నాటికి మన వార్త వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో 18 యూనిట్ల కంప్యూటర్లకు ఆ వైరస్ సోకిందని, అవి చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోనివని. మనకి అటు విశాఖపట్నం, ఇటు శ్రీకాకుళం. రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

అప్పట్లో అందరూ పాత ఓఎస్ అయిన విండోస్ ఎక్స్‌పీని తిట్టారు. నిజానికి ప్రపంచం మొత్తం మీద ఆ వైరస్‌కి చిక్కిన కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వి. అప్పటికి విండోస్ 7కి మరమ్మతులు వస్తూనే ఉన్నాయి, 2020 జనవరి 14 దాకా వచ్చాయి కూడా. వాన్నాక్రై దూరిన కన్నాన్ని పూడ్చే మరమ్మతుని మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలల వ్యవధి ఉంది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

మన ఊళ్లలో ఎందుకు వేసుకోరో నాకు తెలుసు. మెకానిక్ వచ్చి ఫార్మాట్ కొట్టి, ఒరిజినల్ కాని విండోస్ లోడ్ చేసి, వెళ్లే ముందు అప్‌డేట్లు ఆపేస్తాడు. అప్‌డేట్ వస్తే ఆ దొంగ కాపీ బయటపడుతుందని భయం. ఒరిజినల్ ఉన్నవాళ్లకి ఇంకో బాధ. ఫోను హాట్‌స్పాట్ మీద నడిచే నెట్, అందులో సగం డేటా అప్‌డేటే తినేస్తుంది. లేదా అప్లికేషన్‌కి ఆఖరి తేదీ నాడు, ఎదురుగా పదిమంది నిలబడి ఉండగా, సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ అప్‌డేట్లు ఆపేసిన విండోస్ 11 కంటే, నెట్ వైరు పీకేసిన విండోస్ 7 నయం. కొత్త ఓఎస్ వేయించుకుని దాని మరమ్మతులు ఆపుకుంటే డబ్బు దండగ.

గడువు ముగిశాక ముప్పు ఎలా పెరుగుతుందో చెబుతాను. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం, మనకి రాత్రి వేళ, మరమ్మతులు విడుదల చేస్తుంది. విండోస్ 10, 11 ఒకే వంశం. లోపలి భాగాలు చాలావరకు ఒకటే. విండోస్ 11లో ఒక కన్నం పూడ్చారంటే, విండోస్ 10లో కూడా అదే చోట కన్నం ఉండే అవకాశం ఉంది. దొంగ ఆ మరమ్మతుని విప్పి చూసి, పూడ్చని ఇల్లు ఏదో వెతుక్కుంటాడు. విండోస్ 10లో ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌కి 2028 అక్టోబరు దాకా కొత్త వైరస్‌ల వివరాలు అందుతాయి, మంచిదే. అది దొంగని గుర్తుపట్టగలదేమో గాని, కన్నాన్ని పూడ్చదు.

ఇంకోటి బ్రౌజర్. గూగుల్ క్రోమ్ 2016 ఏప్రిల్‌లో ఎక్స్‌పీని వదిలేసింది. విండోస్ 7కి, 8.1కి వచ్చిన ఆఖరి క్రోమ్ 109, అది 2023 జనవరిలో. ఆ తర్వాత ఒక్కొక్క సైటే తెరుచుకోవడం మానేస్తుంది. మొదట పేజీ వంకరగా వస్తుంది, తర్వాత బటన్ నొక్కుడు పడదు, ఆఖరికి "మీ బ్రౌజర్ పాతది" అని పొమ్మంటుంది. ఓఎస్ ఆయుష్షు తెలియాలంటే, కంపెనీ వేసిన తేదీతో పాటు బ్రౌజర్ వదిలేసిన తేదీ కూడా చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ సిస్టమ్ మీద డబ్బు తిరుగుతోందా? ఆధార్ కాపీలు, వేలిముద్రలు, బ్యాంకు పాస్‌వర్డులు, జీఎస్టీ రిటర్నులు దాని గుండా వెళ్తున్నాయా? అయితే ఆ సిస్టమ్ మరమ్మతులు ఆగిపోయిన ఓఎస్ మీద ఉండకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు. భారతీయ రిజర్వు బ్యాంకు కూడా ఇలాగే ఆలోచించింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే మరమ్మతులు ఆగిపోయినా, మన ఏటీఎంలు చాలా ఏళ్లు దాని మీదే నడిచాయి. 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటికీ గడువు పెట్టింది. ఆ సెప్టెంబరుకల్లా పావు వంతు, డిసెంబరుకి సగం, 2019 మార్చికి ముప్పాతిక, జూన్‌కల్లా మొత్తం ఏటీఎంలు కొత్త ఓఎస్‌కి మారాలంది. ఒక్కసారిగా మార్చమనలేదు, మార్చకుండా ఉండనివ్వలేదు. మీసేవ కౌంటరుకీ, డబ్బులు పంపే కౌంటరుకీ అదే పద్ధతి సరిపోతుంది. ఎందుకంటే అక్కడ పోతే పోయేది షాపు యజమాని సొమ్మే కాదు. పింఛను కోసం వేలు పెట్టిన ముసలమ్మ సొమ్ము.

ఎలా మార్చుకోవాలి అంటే, ఒరిజినల్ విండోస్ 10 ఉన్నవాళ్లకి విండోస్ 11 ఉచితం. అడ్డు వచ్చేది యంత్రం. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం, ఆ పైవి. అంటే 2017 చివర్లోనో ఆ తర్వాతో వచ్చినవి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపితే మీ సిస్టమ్ పనికొస్తుందో లేదో అదే చెబుతుంది. అది కాదన్నా వెంటనే నిరాశపడకండి. మన దగ్గర అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో టీపీఎం ఉండి కూడా, విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్ అయిన బయోస్‌లో ఆపేసి ఉండటం మామూలే. తెలిసిన మెకానిక్‌తో బయోస్ తెరిపించి చూడండి. ఆ ఒక్క మీట మార్చితే కొత్త కంప్యూటరు ఖర్చు తప్పొచ్చు.

పనికిరాని యంత్రం మీద కూడా దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే మెకానిక్‌లు ఉన్నారు. ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టమ్‌కి అయితే మీ ఇష్టం. డబ్బు తిరిగే కౌంటరుకి మాత్రం వద్దు. అలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. 2024లో వచ్చిన వెర్షన్ నుంచి బాగా పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 అసలు బూటే కాదు.

యంత్రం సరిపోక, కొత్తది కొనే స్తోమత ఇప్పుడే లేనివాళ్లకి కొంత గడువు ఉంది. ఇళ్లలో వాడే విండోస్ 10 సిస్టమ్‌లకి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా మరమ్మతులు పొడిగించారు. 30 డాలర్లు కట్టి తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, సిస్టమ్ సెట్టింగులను దానితో కలిపితే ఉచితంగానే వస్తుంది. సెట్టింగుల్లో అప్‌డేట్ పేజీ తెరిస్తే నమోదు చేసుకునే చోటు కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలు చదువుకునే సిస్టమ్‌కి ఇది మంచి ఆసరా.

చాలామంది "సిస్టమ్ స్లో అయిపోనాది, ఓఎస్ మార్చాలి" అంటారు. తొంభై పాళ్లు అది ఓఎస్ తప్పు కాదు. పాత తిరిగే హార్డ్‌డిస్క్ తప్పు. దాని బదులు ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 4 నుంచి 8 జీబీకి పెంచితే, కొత్త కంప్యూటరు ధరలో చిన్న భాగంతో అదే సిస్టమ్ లేచి పరిగెడుతుంది. మీరు మార్చాలనుకుంటున్నది నెమ్మది వల్లా, భద్రత వల్లా అన్నది ముందు తేల్చుకోండి. రెండు జబ్బులకీ మందు ఒకటి కాదు.

నెట్‌లో పాఠాలు వినడానికి, ఉత్తరాలు టైపు చేసుకోవడానికి మాత్రమే వాడే పాత సిస్టమ్ అయితే లైనక్స్ మింట్ లాంటిది వేయించుకోండి. ఖర్చు లేదు, మరమ్మతులు వస్తూ ఉంటాయి, తెలుగు చక్కగా కనిపిస్తుంది. పక్కనున్న కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు లైనక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. అది చదువుకున్నవాళ్ల కోసమే అనే మాట నమ్మకండి. కానీ మీసేవ షాపుకి దాన్ని సలహా ఇవ్వను. వేలిముద్ర పరికరాల సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్లు విండోస్‌ని నమ్ముకునే నడుస్తున్నాయి. అక్కడ లైనక్స్ పెడితే కౌంటరు మూసుకోవాల్సి వస్తుంది.

ఇక నా మనసుకి దగ్గరైన సంగతి, డీటీపీ షాపు.

శుభలేఖలు, దినం కార్డులు, గుడి కరపత్రాలు, కవుల చిన్న చిన్న పుస్తకాలు. మన వైపు ఇవన్నీ ఇరవై అయిదేళ్లుగా ఎక్కువగా పేజీలు కూర్చే ప్రోగ్రామ్ అయిన పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ కంపెనీ దాన్ని ముందుకు తీసుకువెళ్లలేదు. ఎక్స్‌పీ మీద అది నల్లేరు మీద బండి నడక. విండోస్ 7 మీద నడిపించుకున్నవాళ్లు ఉన్నారు, 32 బిట్ విండోస్ 10 మీద తంటాలు పడి నడిపించుకున్నవాళ్లూ ఉన్నారు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కొత్త ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవదు. కాబట్టి "కొత్త ఓఎస్ వేస్తే నా పాత ఫైళ్లేమైపోతాయి?" అని డీటీపీ ఆయన అడిగితే, అది బద్ధకం కాదు. ఆయన భయంలో నిజం ఉంది.

దీని మూలం ఇదీ. అను ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరుకి తెలుగు అక్షరంగా తెలియదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఆ ఫాంటు ఉన్నంత కాలం అది తెలుగు. ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరస. యూనికోడ్ వచ్చాక ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు ఉంది. ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మలా ఫాంటు ఉంది. గురజాడ పేరుతో, గిడుగు పేరుతో కూడా యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మన ఉత్తరాంధ్ర వాళ్ల పేర్లు పెట్టుకున్న ఫాంట్లు ఇవి, మన శుభలేఖల మీద ఇంకా ఎక్కువగా కనిపించాలని నా కోరిక.

అందుకని డీటీపీ సిస్టమ్ విషయంలో నా మాట వేరు. దాన్ని మార్చకండి. నెట్ వైరు పీకేయండి, వైఫై తీసేయండి, అలా ఉంచండి. అక్కడ దొంగ దూరే దారి ఇక ఒక్కటే, పెన్ డ్రైవ్. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అనే పురుగు పెన్ డ్రైవ్‌ల మీద కూడా ఊరూరూ తిరిగింది. కస్టమర్ తెచ్చిన పెన్ డ్రైవ్‌ని ఆ పాత సిస్టమ్‌లో ఎప్పుడూ పెట్టకండి. ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేసి, మీ సొంత పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, అప్పుడు ఇటు తెచ్చుకోండి. కాస్త తెలిసినవాళ్లు ఉంటే ఇంకో దారి ఉంది. కొత్త సిస్టమ్ లోపల వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి, దానిలో పాత ఓఎస్‌ని నెట్ లేకుండా నడిపించవచ్చు. యంత్రం చచ్చిపోయినా ఆ పాత ఓఎస్ ఒక ఫైలుగా మిగిలే ఉంటుంది.

ఆ పాత సిస్టమ్‌ని ఉంచుకున్నది శాశ్వతంగా కాదు, ఈలోగా ఫైళ్లను బయటికి తేవడానికి. శుభలేఖల ఫైళ్లు పోతే పోనివ్వండి. పుస్తకాల ఫైళ్లు మాత్రం వదలకండి. ఒక్కొక్కటీ తెరిచి ముందు పీడీఎఫ్ చేయండి. అప్పుడు రూపం మిగులుతుంది, ఎవరైనా ప్రింటు తీసుకోగలరు. కానీ ఆ పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకదు, ఎందుకంటే లోపల ఉన్నది ఆ పాత గుర్తులే. అందుకని పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లో కూడా వేయండి. ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర తప్పులు పడతాయి, కూర్చుని దిద్దాలి. ఓపిక పట్టే పని. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి, ఎక్కడెక్కడి పాత పత్రికలూ పుస్తకాలూ సేకరించారు. ఎన్నో ఏళ్లనాటి కాగితం ఇవాళ తీసినా చదవొస్తుంది. 2003లో టైపు చేసిన మన ఊరి పుస్తకం ఫైలు మాత్రం ఆ సిస్టమ్‌తో పాటే పోతుంది. అచ్చైన ప్రతులు అయిపోయి, రచయిత కూడా లేకపోతే, ఆ ఫైలే ఆఖరి ప్రతి కావచ్చు. డీటీపీ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా వింటుంటే, మీ హార్డ్‌డిస్క్‌లో అలాంటివి ఉన్నాయేమో దయచేసి చూడండి.

ఏది మార్చినా ముందు బ్యాకప్. సిస్టమ్ ఉన్న గదిలోనే ఒక ప్రతి పెట్టుకుని చాలనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏ ఏ కొట్ల పైకప్పులు ఎగిరాయో, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక ప్రతి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఇంట్లో ఉండాలి, వీలైతే ఇంకోటి నెట్ మీద. అప్‌గ్రేడ్ కూడా పండగ ముందురోజు, ఆఖరి తేదీ ముందురోజు పెట్టుకోకండి. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఇచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను చెరిపేసింది, కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అయినా నెల నెలా వచ్చే భద్రతా మరమ్మతుని మాత్రం వెంటనే వేసుకోండి. ఓఎస్ మొత్తం మార్చే అప్‌గ్రేడ్ అయితే విడుదలయ్యాక ఒకట్రెండు నెలలు ఆగి వేసుకోండి. విండోస్ 11 కొత్తగా వేసినప్పుడు డిస్క్‌కి తనంతట తాను తాళం వేసుకునే సౌకర్యం ఆన్ అయి ఉండొచ్చు, దాని తాళంచెవి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ మెకానిక్ పేరున కాకుండా మీ పేరున, మీ ఫోన్ నంబరుతో ఉండేలా చూసుకోండి. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఇనప్పెట్టెలో పెట్టండి.

ఇంకొక్కటి చెప్పాలి. కొత్తది కొన్నాక పాత సిస్టమ్‌ని పాత సామాన్ల వాడికి వేయకముందు, హార్డ్‌డిస్క్ విప్పి తీసేసుకోండి. డిలీట్ కొట్టినంత మాత్రాన, ఫార్మాట్ కొట్టినంత మాత్రాన ఫైళ్లు నిజంగా పోవు, తెలిసినవాడు తిరిగి తీస్తాడు. మీ షాపుకి వచ్చిన వాళ్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, టెన్త్ మార్కుల జాబితాలు అందులోనే ఉన్నాయి. పాత కేబినెట్‌కి ఇచ్చే నాలుగు డబ్బులు డిస్క్ లేకపోయినా ఇస్తారు. ఆ డిస్క్‌లో కావలసినవి కాపీ చేసుకున్నాక, డ్రిల్లింగ్ మెషీన్‌తో రెండు మూడు చోట్ల అటునుంచి ఇటు కన్నాలు వేసి, అప్పుడు పారేయండి.